భయంకరుడు అన్న మాట మానేసిన ప్రవక్త

(ఒక పఠన బృందం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

ఈరోజు విషయం దేవుడి శక్తి, భయం, నమ్మకం. ఈ మూడింటి గురించి యూదు వ్యాఖ్యాతలు ఏమన్నారు అని. నేను యూదుణ్ణి కాదు, మతగురువునూ కాదు, ఈ గ్రంథాలు ఇష్టంగా చదువుకునేవాణ్ణి, అంతే. ఇక్కడ చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, మసీదుకి వెళ్ళేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఎవరి నమ్మకం నిజం అనే గొడవ జోలికి నేను పోను. నన్ను ఈ వ్యాఖ్యానాల దగ్గర పట్టి నిలబెట్టిన సంగతి వేరే ఉంది. ఒక పుస్తకాన్ని దేవుడి మాటగా నమ్మే జనం, ఆ పుస్తకంలో దేవుడు తన బలం చూపించిన ముఖ్యమైన ఘట్టాల దగ్గర ఆగి, "సరే, చూపించాడు, దానివల్ల ఏం నిలిచింది?" అని అడిగారు. భక్తులే అడిగారు, నాస్తికులు కాదు. అడిగి, ఆ జవాబుల్ని తమ పవిత్ర గ్రంథాల్లోనే రాసి పెట్టుకున్నారు.

ఇంకో చిన్న మాట. తెలుగు బైబిల్లో యెహోవా అని ఉంటుంది కదా, యూదులు ఆ పేరు పలకరు. వాళ్ళ సంగతి మాట్లాడుతున్నాం కాబట్టి ఈ పూటకి నేను దేవుడు అనే అంటాను.

నిర్గమకాండం 14వ అధ్యాయం చివరి వచనం తీసుకుందాం. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయుల ముందు సముద్రం చీలింది, వాళ్ళు దాటారు, వెనక తరుముకుంటూ వచ్చిన ఐగుప్తు రాజు ఫరో సైన్యం మునిగిపోయింది. అప్పుడు జనం దేవుడు చేసిన గొప్ప కార్యాన్ని చూశారు, దేవుడికి భయపడ్డారు, దేవుణ్ణీ ఆయన సేవకుడు మోషేనీ నమ్మారు అని ఆ వచనం అంటుంది. చూడటం, భయపడటం, నమ్మడం, మూడూ ఒకే వరసలో వచ్చేశాయి. లెక్క ఎంత సులువుగా ఉందో చూడండి, బలం చూపిస్తే భయం పుడుతుంది, భయం పుడితే నమ్మకం వస్తుంది. మామూలు బోధకుడైతే ఇక్కడే ఆమెన్ అనేసి కూర్చుంటాడు.

మరి తర్వాతి అధ్యాయం తిప్పితే ఏముంది? సముద్రం దాటిన సంతోషంలో పాడిన పాట అయిపోయింది, మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకుని ఆడింది, అరణ్యంలోకి మూడు రోజుల ప్రయాణం, నీళ్ళు దొరకలేదు, మారాలో దొరికినవి చేదు. వెంటనే మోషే మీద సణుగుడు. మూడంటే మూడు రోజులు! సముద్రాన్ని చీల్చిన దేవుడికి ఒక నీటిగుంట సంగతి తెలియదా అని ఒక్కడికీ తోచలేదు. నిర్గమకాండం మీద మెఖిల్తా అనే ప్రాచీన వ్యాఖ్య ఉంది, అందులో ఒక రబ్బీ, అంటే యూదు మతపండితుడు, అంటాడు, సముద్రం దగ్గర ఒక పనిమనిషి చూసినంత యెహెజ్కేలు ప్రవక్త కూడా చూడలేదు అని. అంత పెద్ద దర్శనం అందరికీ దొరికింది. దొరికినా అంతమందీ మూడు రోజుల్లో మళ్ళీ మామూలు మనుషులైపోయారు. పనిమనిషి పనిమనిషిగానే మిగిలింది, ప్రవక్త కాలేదు.

అదే మెఖిల్తాలో సముద్రం దాటకముందు సంగతి కూడా ఉంది. ముందు సముద్రం, వెనక సైన్యం, జనం నాలుగు ముక్కలయ్యారట. ఒకళ్ళు సముద్రంలో దూకి చద్దాం అన్నారు, ఒకళ్ళు ఐగుప్తుకి తిరిగి పోదాం అన్నారు, ఒకళ్ళు యుద్ధం చేద్దాం అన్నారు, ఇంకొకళ్ళు కేకలు పెట్టి ఆయన్ని వేడుకుందాం అన్నారు. భయం పట్టిన గుంపు ఎక్కడైనా ఇలాగే చీలుతుంది, ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం ఏంటంటే ఈ నాలుగు గుంపుల్లో ప్రార్థన గుంపు కూడా ఒకటి, దానికీ మార్కులు పడలేదు. "నాకెందుకు మొరపెడుతున్నావు, సాగిపొమ్మని జనంతో చెప్పు" అని దేవుడు మోషేతో అన్నట్టు వచనంలోనే ఉంది. పాత రబ్బీల వాదనలూ కథలూ కూర్చిన పెద్ద సంకలనం తల్ముద్, అందులో సోతా అనే భాగంలో దీన్ని కథ చేశారు. ఏ గోత్రమూ ముందు దిగనంటుంటే అమ్మీనాదాబు కొడుకు నయస్సోను నీళ్ళలోకి దూకేశాడట. "నీళ్ళు నా ప్రాణం దాకా వచ్చాయి" అనే 69వ కీర్తన మాటల్ని అతని నోట్లో పెట్టారు. ఆ సమయంలో మోషే గట్టున నిలబడి పొడుగ్గా ప్రార్థన చేస్తున్నాడు, దేవుడు విసుక్కున్నాడట, "నా ప్రియులు సముద్రంలో మునిగిపోతుంటే నువ్వు నా ముందు ప్రార్థన సాగదీస్తున్నావా?" అని. (నవ్వులు) నవ్వండి, వాళ్ళు కూడా నవ్వుకునే రాసి ఉంటారని నా అనుమానం. అసలు సంగతి ఏంటంటే, అద్భుతం చూశాక వచ్చిన నమ్మకం కన్నా అద్భుతానికి ముందు మొల లోతు నీళ్ళలోకి దిగిన నమ్మకం వాళ్ళకి ముఖ్యం.

అదే సముద్రం మీద ఇంకో మాట, తల్ముద్ మెగిల్లా భాగంలోది. దేవదూతలు పాట పాడబోతే, "నా చేతిపని సముద్రంలో మునిగిపోతోంది, మీరు పాట పాడతారా?" అన్నాడట దేవుడు. మునిగింది శత్రువులే. అయినా.

సరే, సముద్రం దాటి కొండ దగ్గరికి వద్దాం, నేను ఎక్కువసేపు ఉండాలనుకున్న చోట్లలో ఇదొకటి.

దేవుడు ఆజ్ఞలు ఇచ్చిన సీనాయి కొండ దగ్గర జనం "కొండ అడుగున నిలిచారు" అని 19వ అధ్యాయంలో ఉంటుంది. మనం చదివితే కొండ కింద నిలబడ్డారు, సరే అనుకుంటాం. తల్ముద్ షబ్బాత్ భాగంలో రవ్ అవ్దిమి అనే పండితుడు దాన్ని అక్షరాలా తీసుకున్నాడు. అడుగున అంటే నిజంగా అడుగునే. దేవుడు కొండని పైకెత్తి గంగాళం బోర్లించినట్టు వాళ్ళ నెత్తి మీద పట్టుకుని, "తోరాని ఒప్పుకుంటే మంచిది, లేదంటే మీ సమాధి ఇక్కడే" అన్నాడట. తోరా అంటే మోషే ద్వారా ఇచ్చిన ధర్మశాస్త్రం. ఇది శత్రువులు పుట్టించిన కథ అనుకుంటారు వింటే. కాదు, వాళ్ళ మతానికి పునాది అయిన రోజు గురించి వాళ్ళ పండితుడే చెప్పిన కథ.

వెంటనే ఇంకో పండితుడు, రవ్ అహా బర్ యాకోబ్, లేచి ఒక మాట అన్నాడు. అలాగైతే తోరా మీద ఇది చాలా గట్టి అభ్యంతరం అవుతుంది అని. అభ్యంతరం అంటే మామూలు ఆక్షేపణ అనుకోకండి, అతను వాడింది కోర్టు మాట. ఒక మనిషిని బెదిరించి ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారనుకోండి, ఆ దస్తావేజు చెల్లుతుందా? చెల్లదు. బలవంతం వల్ల ఒప్పుకున్నాను అని అతను సాక్షుల ముందు చెప్పుకునే ప్రకటన ఉంటుంది చూడండి, అదీ ఆ మాట. అంటే ఈ పండితుడు దేవుడికీ జనానికీ మధ్య జరిగిన ఒప్పందాన్ని చేతిలోకి తీసుకుని, ఇది ఒత్తిడి కింద రాయించుకున్నది, ఆజ్ఞలు పాటించలేదని రేపు జనాన్ని నిలదీస్తే వాళ్ళ దగ్గర మంచి డిఫెన్స్ ఉంది, అంటున్నాడు. అతన్ని ఎవరూ వెలివేయలేదు, నోరు ముయ్యమనలేదు. ఆ మాటని యథాతథంగా రాసుకుని ఇప్పటికీ చదువుతున్నారు.

జవాబు ఇచ్చినవాడు రావా, 4వ శతాబ్దపు బాబిలోనియా పండితుడు. జవాబు కూడా వింతగా ఉంటుంది. కొండ ఎత్తలేదు, నువ్వు తప్పు చదివావు అనలేదు అతను. అభ్యంతరం చెల్లదు అని కూడా అనలేదు. "అయినా సరే, అహష్వేరోషు కాలంలో వాళ్ళు మళ్ళీ ఒప్పుకున్నారు" అన్నాడు. అంటే ఎస్తేరు గ్రంథం కాలంలో. సీనాయి నుంచి అప్పటిదాకా గడిచిన శతాబ్దాల సంగతి ఏమిటి మరి? ఆ ప్రశ్నని మర్యాదగా వదిలేశాడు.

ఎస్తేరు గ్రంథం చదివినవాళ్ళకి తెలుసు, అందులో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. సముద్రం చీలదు, నిప్పు కురవదు, ప్రవక్త లేడు. పారసీక రాజు కొలువులో కుట్ర, నిద్రపట్టని రాజు, ధైర్యం చేసిన ఒక రాణి, అంతే. కొండ నెత్తిమీద పెట్టి రాయించుకున్న ఒప్పందానికి చెల్లుబాటు ఈ కథలో వచ్చిందట. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులోని త్రువా ఊళ్ళో ఉన్న వ్యాఖ్యాత రాషి ఇక్కడ చిన్న వివరణ రాశాడు, వాళ్ళు మళ్ళీ ఒప్పుకున్నది తమకు జరిగిన అద్భుతం మీది ప్రేమతో అని. కాబట్టి అద్భుతమే లేదు అనడానికి లేదు, రాషి లెక్కలో ఉంది. కానీ ఆ అద్భుతం చూసి ఎవరి మోకాళ్ళూ వణకలేదు, చూడదలుచుకున్నవాళ్ళకే కనిపించే రకం అది. రాషి ప్రేమ అన్నాడు, భయం అనలేదు, నేను పట్టుకున్నది అక్కడ.

రాషి తర్వాతి తరాల వ్యాఖ్యాతలు, తోసాఫోత్ అంటారు వాళ్ళని, ఇంకో ప్రశ్న లేవదీశారు. జనం ముందే "చేస్తాం, వింటాం" అని ఒప్పుకున్నారు కదా, మరి కొండ ఎత్తడం ఎందుకు? వాళ్ళ జవాబు, ఆ మహాగ్నిని చూసి భయపడి మాట వెనక్కి తీసుకుంటారేమో అని. అంటే ఇష్టంగా అన్న మాటని కూడా భయం చెడగొట్టగలదు. ఒకటి గమనించండి, ఆ రోజు కొండ దగ్గర మోషే నోట వచ్చిన మాట కూడా ఇలాగే మెలికగా ఉంటుంది. "భయపడకండి, ఆయన భయం మీకు కలగాలని, మీరు పాపం చేయకుండా ఉండాలని వచ్చాడు" అంటాడు. భయపడకండి, భయం కలగాలని! ఒకే వాక్యంలో రెండూ. దీని మీదే శతాబ్దాలుగా రాశారు.

అందరూ ఒకే మాట అన్నారని అనుకోకండి, యూదు వ్యాఖ్యానంలో అలా ఎప్పుడూ జరగదు. 12వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ కవి, తాత్వికుడు యెహూదా హలేవి గట్టిగా అంటాడు, మా నమ్మకానికి ఆధారం ఎవడో ఒకడు ఒంటరిగా చూసిన కల కాదు, 6 లక్షల మంది కళ్ళారా చూసిన సంఘటన అని. ఆయనకి ఆ బహిరంగ ప్రదర్శన చాలా అవసరం. తర్వాత వచ్చిన తాత్వికుడు, ధర్మశాస్త్ర పండితుడు మైమొనిడిస్ దాదాపు ఎదురు మాట రాశాడు. తన ధర్మశాస్త్ర సంకలనంలో, మోషే చేసిన సూచక క్రియలు, అంటే అద్భుతాలు, చూసి ఇశ్రాయేలీయులు మోషేని నమ్మలేదు, సూచక క్రియలు చూసి నమ్మేవాడి మనసులో ఒక దోషం ఉండిపోతుంది, ఇది మంత్రంతోనో గారడీతోనో చేశాడేమో అన్న అనుమానం మిగులుతుంది అన్నాడు. మరి సముద్రం ఎందుకు చీల్చినట్టు? ఐగుప్తీయుల్ని ముంచాల్సి వచ్చింది కాబట్టి. అరణ్యంలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం ఎందుకు? ఆకలి వేసింది కాబట్టి. అవసరానికి చేసినవే, నిరూపణకి కాదు. మనం మొదట చదివిన వచనం "చూశారు, భయపడ్డారు, నమ్మారు" అంటుంటే ఈయన ఇంత ధైర్యంగా ఆ నమ్మకం అసలుది కాదు అనేశాడు. అసలు నమ్మకం సీనాయి దగ్గర, తమ చెవులతో తాము విన్నప్పుడు వచ్చింది అంటాడు. అక్కడ హలేవీతో కలుస్తాడనుకోండి, కానీ గారడీ అనుమానాన్ని తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది ఈయనే.

మైమొనిడిస్ పుట్టింది కార్డోబాలో. 1148లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొహద్‌లు అనే ముస్లిం పాలకులు ఆ ఊరిని పట్టుకున్నారు, మతం మారండి లేదా పొండి అనే పాలన వచ్చింది, ఆ కుటుంబం ఊరు వదిలి తిరిగి తిరిగి చివరికి ఈజిప్టు చేరింది. కత్తి చూపించి ఒప్పించిన విశ్వాసం ఎలా ఉంటుందో చిన్నప్పుడే చుట్టూ చూసిన మనిషి. దాని వల్లే ఇలా రాశాడని నేను అనను, కానీ చదివేటప్పుడు ఆ సంగతి మనసులో మెదలకుండా ఉండదు.

రాంబాన్, అంటే స్పెయిన్‌లోని జెరోనా వాడైన మోషే బెన్ నహ్మాన్, 13వ శతాబ్దం, మధ్యస్థంగా ఒక మాట చెప్పాడు. పెద్ద అద్భుతాలు జరిగాయి, అవి లోకానికి సాక్ష్యం, కానీ ప్రతి తరంలో ప్రతి దుర్మార్గుడి కళ్ళ ముందూ దేవుడు అద్భుతం చేసి చూపించడు, అందుకే చూసినదాన్ని గుర్తుంచుకోమని ఆజ్ఞలు పెట్టాడు అని. గ్రంథ వచనాలు లోపల పెట్టి గుమ్మానికి కట్టే మెజూజా, అలాగే చేతికీ నుదుటికీ కట్టుకునే తెఫిల్లీన్ పెట్టెలు, ఐగుప్తు నుంచి బయటపడినదాన్ని తలుచుకుంటూ ఏడాదికోసారి చేసే పస్కా భోజనం, అన్నీ ఆ లెక్కలోవే. రోజువారీ జీవితంలో దాగి ఉన్న అద్భుతాల్ని గుర్తుపట్టడానికే ఆ పెద్దవి అంటాడు. బాగుంది. అయితే నా మొగ్గు మైమొనిడిస్ వైపే, దాచుకోను.

ఇప్పుడు నేను ఈ ప్రసంగానికి పేరు పెట్టుకున్న ఘట్టం. తల్ముద్ యోమా భాగంలో ఉంది.

యూదులు మామూలు రోజుల్లో మూడుసార్లు నిలబడి చేసే ఒక ప్రార్థన ఉంది, అమీదా. (మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమని బెనే ఎఫ్రాయీం అని చెప్పుకునే చిన్న తెలుగు సమాజం ఉంది, వాళ్ళకి సినగాగ్ కూడా ఉంది, వాళ్ళ కథ మరో రోజు పెట్టుకుందాం.) ఆ అమీదా మొదట్లోనే దేవుణ్ణి మూడు మాటలతో పిలుస్తారు, గొప్పవాడు, పరాక్రమవంతుడు, భయంకరుడు. ఈ మూడూ ద్వితీయోపదేశకాండం 10వ అధ్యాయంలో మోషే అన్న మాటలు. తెలుగు బైబిల్లోనూ ఇలాగే ఉంటాయి.

తల్ముద్ పండితులు ఒక సంగతి పట్టుకున్నారు. యిర్మీయా ప్రవక్త తన గ్రంథం 32వ అధ్యాయంలో ప్రార్థన చేస్తూ గొప్ప దేవా, పరాక్రమవంతుడా అన్నాడు, భయంకరుడా అనలేదు. దానియేలు 9వ అధ్యాయంలో గొప్పవాడా, భయంకరుడా అన్నాడు, పరాక్రమవంతుడా అనలేదు. మోషే పెట్టిన మూడు మాటల్లో చెరొకటి ఎగిరిపోయింది. మామూలు పాఠకుడు ఇది చూసి ఏమంటాడు, ఏదో సందర్భాన్ని బట్టి అలా వచ్చింది అంటాడు. వీళ్ళు అలా ఒప్పుకోరు కదా, కారణం కావాలి. యిర్మీయా ఇలా అనుకున్నాడట: "పరాయివాళ్ళు ఆయన ఆలయంలో గంతులేస్తున్నారు, ఇక ఆయన భయంకరత్వం ఎక్కడ?" అందుకని ఆ మాట పలకలేదు. దానియేలు: "పరాయివాళ్ళు ఆయన పిల్లల్ని బానిసలుగా చేసుకున్నారు, ఆయన పరాక్రమం ఎక్కడ?" ఆ మాట పలకలేదు.

మనకి నిందాస్తుతి అలవాటే, దేవుణ్ణి చనువుగా తిట్టుకోవడం. ఇది అది కాదు. ఇక్కడ తిట్టు లేదు, ఏడుపు లేదు, వాదన కూడా లేదు. తనకి నిజమనిపించని విశేషణాన్ని నోటితో అనలేదు, మిగతా ప్రార్థన యథావిధిగా చేశాడు. అంతే.

తర్వాత యూదులు బాబిలోను చెర నుంచి తిరిగి వచ్చాక మహాసభ అనే పెద్దల సభ ఒకటి ఏర్పడిందని సంప్రదాయం, 120 మంది అంటారు. నెహెమ్యా 9వ అధ్యాయంలో మూడు మాటలూ మళ్ళీ కలిసి కనిపిస్తాయి, ఈ పెద్దలే వాటిని తిరిగి పెట్టారని తల్ముద్ అంటుంది. ఎలా పెట్టారు? ఆలయంలో గంతులు అబద్ధం అన్నారా? బానిసత్వం నిజం కాదన్నారా? లేదు. వాళ్ళు అన్నది ఇది: అదే ఆయన పరాక్రమం, కోపాన్ని అణుచుకుని దుర్మార్గులకి గడువు ఇస్తున్నాడు, అంతకన్నా పరాక్రమం ఏముంటుంది? అదే ఆయన భయంకరత్వం, ఆయన భయం లేకపోతే ఇన్ని జాతుల మధ్య ఈ ఒక్క చిన్న జాతి ఎలా బతికి ఉండేది? అంటే పరాక్రమం అనే మాటకి సముద్రం చీల్చడం అనే అర్థం తీసేసి, చేయగలిగీ ఆగడం అనే అర్థం పెట్టారు. ఇది చాలా తెలివైన పని, కొంచెం అనుమానం కూడా కలిగించే పని. ఓడిపోయినవాళ్ళు ఓటమికి గెలుపు అని పేరు పెట్టుకున్నారు అని ఎవరైనా అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. వాళ్ళలోనే ఆ అనుమానం ఉంది. రోమన్లు 70లో యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టిన తర్వాత రబ్బీ ఇష్మాయేలు పాఠశాలవాళ్ళు, సముద్రం దాటినప్పటి పాటలో "దేవతల్లో నీవంటివాడెవడు" అన్న పంక్తిని, ఒక అక్షరం అటూ ఇటూ చేసి, "మూగవాళ్ళలో నీవంటివాడెవడు" అని చదివారు. ఆలయాన్ని పడగొట్టిన రోమన్ సేనాని తీతు చేసిన అవమానాన్ని విని కూడా నోరు మెదపని దేవుడు అని. స్తుతో, దెప్పిపొడుపో మీరే చెప్పండి, నాకు రెండూ వినిపిస్తాయి.

యోమాలో కథ ఇంకా అవలేదు. పండితులు చివర్లో అడుగుతారు, సరే పెద్దలు మాటలు తిరిగి పెట్టారు, బాగుంది, కానీ యిర్మీయాకి, దానియేలుకి మోషే పెట్టిన మాటని తీసేసే ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది? రబ్బీ ఎలాజారు జవాబు: "ఆ పరిశుద్ధుడు సత్యవంతుడని వాళ్ళకి తెలుసు, అందుకని ఆయనతో అబద్ధం ఆడలేదు."

ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ ప్రసంగం ఒప్పుకున్నాను. దేవుణ్ణి పొగడటంలో కూడా అబద్ధం ఉంటుందని, అది ఆయనకి నచ్చదని, పొగడ్త మానేయడమే ఒక్కోసారి పెద్ద భక్తి అని. యిర్మీయా ఆ ప్రార్థన ఎప్పుడు చేశాడో చూడండి. నిజానికి అప్పటికి నగరం పడలేదు, ముట్టడిలో ఉంది, సిద్కియా రాజు యిర్మీయాని కారాగృహ ఆవరణలో పెట్టించాడు. ఆలయంలో గంతులు ఇంకా రాబోయేవే, ప్రవక్త ముందే చూశాడు అనుకోవాలి. సరిగ్గా అప్పుడే పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో నా పొలం కొను అంటాడు. బాబిలోను సైన్యం చుట్టూ ఉంది, ఆ పొలం రేపటికి ఎవడిదో తెలియదు. యిర్మీయా 17 షెకెళ్ళ వెండి తూచి ఇచ్చి, సాక్షుల ముందు దస్తావేజు రాయించి, మట్టికుండలో భద్రపరచమన్నాడు. ఆ తర్వాత చేసిన ప్రార్థన ఇది, భయంకరుడా అన్న మాట లేనిది. నోటితో ఒక విశేషణం తగ్గించాడు, చేత్తో 17 షెకెళ్ళు పెట్టాడు. ఆ రెండూ ఒకే మనిషి ఒకే అధ్యాయంలో చేశాడు. రియల్ ఎస్టేట్ వాళ్ళు వింటే పిచ్చోడు అంటారు.

పొగడ్తల సంగతి వచ్చింది కాబట్టి, బెరఖోత్ భాగంలో ఒకడు రబ్బీ హనీనా ముందు ప్రార్థన నడిపిస్తూ ఆ మూడు మాటలతో ఆగలేదు, మహిమగలవాడా, బలవంతుడా, ధీరుడా అని పేర్చుకుంటూ పోయాడు. హనీనా అతను పూర్తిచేసేదాకా ఆగి, "అయ్యాయా నీ యజమాని పొగడ్తలన్నీ?" అన్నాడు. మోషే అనకపోయుంటే, పెద్దలు ప్రార్థనలో పెట్టకపోయుంటే ఆ మూడు కూడా మేం అనగలిగేవాళ్ళం కాదు, నువ్వేమో ఇన్ని అంటున్నావు అని చీవాట్లు పెట్టాడు. మన సభల్లో వక్తల్ని పరిచయం చేసేటప్పుడు ఈ హనీనా గారు ఉంటే బాగుండు. (నవ్వులు)

ఈ హనీనాయే అదే పేజీలో అన్న ఇంకో మాట చాలా ప్రసిద్ధం: అంతా దేవుడి చేతిలో ఉంది, దైవభయం తప్ప. ఇంత శక్తిమంతుడైన దేవుడు చేయలేనిదో చేయనిదో ఒకటుంది, నీ లోపల భయం పుట్టించడం. కొండ ఎత్తి బోర్లించినా అది పుట్టదు అని దీన్నీ షబ్బాత్ కథనీ పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు. అది నువ్వే తెచ్చుకోవాలి.

అయితే ఆ భయం అంటే ఏంటి మరి? నిర్వచనాల జోలికి పోకుండా రెండు చోట్లు చూపిస్తాను. ఫరో ఇద్దరు మంత్రసానుల్ని పిలిచి మగపిల్లాడు పుడితే చంపేయండి అన్నాడు. షిఫ్రా, పూయా. వాళ్ళు దేవుడికి భయపడి చంపలేదు అని నిర్గమకాండం 1వ అధ్యాయం. లోకంలో అప్పటికి అందరికన్నా బలవంతుడైన రాజు ఎదురుగా నిలబడి ఆజ్ఞ ఇస్తే, దైవభయం ఉన్నవాళ్ళు ఆ రాజుకి భయపడలేదు. పైగా అడిగితే, హీబ్రూ ఆడవాళ్ళు మేం వెళ్ళేలోపే కనేస్తున్నారండీ అని కథ చెప్పారు. వీళ్ళు హీబ్రూ స్త్రీలే, మోషే తల్లీ అక్కా అని తల్ముద్‌లో ఒక మాట ఉంది. 1492లో స్పెయిన్ నుంచి తరిమేసిన యూదుల్లో ఒకడైన అబ్రబనేల్ మాత్రం, కాదు వీళ్ళు ఐగుప్తు స్త్రీలే, సొంత జాతి పిల్లల్ని చంపమని ఫరో హీబ్రూ స్త్రీలకి ఎలా చెబుతాడు అన్నాడు. అబ్రబనేల్ రాజుల కొలువుల్లో పనిచేసినవాడు, రాజులు ఎవరితో ఏం చేయిస్తారో తెలుసు. ఆయన చదివినట్టు చదివితే ఇంకా బాగుంటుంది, సముద్రం చీలడం చూడని, సీనాయి ఎక్కడుందో తెలియని పరాయి స్త్రీలకి దైవభయం ఉంది. చూసినవాళ్ళకి మూడు రోజుల్లో పోయింది.

రెండోది లేవీయకాండం 19వ అధ్యాయం. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డు పెట్టొద్దు, నీ దేవుడికి భయపడు. ఇక్కడ రాషి వివరణ చూడండి, గుడ్డివాడంటే ఆ విషయంలో ఏమీ తెలియనివాడు, అడ్డు అంటే తప్పుడు సలహా. "నీ పొలం అమ్మేసి గాడిదని కొనుక్కో" అని చెప్పి, నువ్వు వెనకనుంచి ఆ పొలం కొట్టేయడం. మరి దేవుడికి భయపడు అని ఇక్కడే ఎందుకు? ఎందుకంటే సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చావో చెడ్డ ఉద్దేశంతో ఇచ్చావో పక్కవాడికి తెలియదు, నీకే తెలుసు, నేను మంచికే చెప్పాను అని తప్పించుకోవచ్చు. ఇలా మనసులోనే ఉండిపోయే విషయాల దగ్గరే "నీ దేవుడికి భయపడు" అని ఉంటుందట. రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయ్ చనిపోతూ శిష్యుల్ని దీవించింది కూడా ఇదే, మనుషులంటే ఉన్నంత భయం దేవుడంటే మీకు ఉండాలి అన్నాడు. అంతేనా, అన్నారు శిష్యులు. అంత ఉంటే చాలదూ, తప్పు చేసేవాడు ఎవరూ చూడకూడదు అనుకుంటాడు కదా, అన్నాడు ముసలాయన.

యూరప్‌లో నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపిన తర్వాత ఈ పాత పేజీలన్నీ మళ్ళీ తెరిచారు. ఎలియేజర్ బెర్కోవిట్స్ అనే రబ్బీ యోమాలోని ఆ మాటనే, కోపాన్ని అణుచుకోవడమే పరాక్రమం అన్నదాన్ని, తీసుకుని, దేవుడు ఆగడం వల్లే మనిషికి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛకి ఇంత ఖరీదు పడింది అన్నాడు. అమెరికా రబ్బీ ఇర్వింగ్ గ్రీన్‌బర్గ్ రావా జవాబుని, జనం తర్వాత మళ్ళీ ఒప్పుకున్నారు అన్నదాన్ని, తీసుకుని, ఇంత జరిగాక దేవుడికి ఈ జనాన్ని ఆజ్ఞాపించే హక్కు లేదు, ఒప్పందం ఉంటే ఇక వాళ్ళు ఇష్టపడి పట్టుకున్నదే అన్నాడు. దీనికి వ్యతిరేకంగా రాసినవాళ్ళూ ఉన్నారు. ఇది పెద్ద విషయం, ఐదు నిమిషాల్లో చెబితే అన్యాయం, ఇక్కడితో ఆపుతాను.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ, అమ్మా మీరు... మైకు ఇవ్వండి ఆవిడకి.

ఆవిడ అడిగింది ఏంటంటే, దానియేలుని సింహాల గుహలోంచి దేవుడు బయటికి తీశాడు కదా, దానియేలు స్నేహితులు ముగ్గురూ అగ్నిగుండం నుంచి వెంట్రుక కాలకుండా వచ్చారు కదా, అంత చూసినవాడు పరాక్రమవంతుడు అనే మాట మానేయడం ఏమిటి, యిర్మీయా అంటే అర్థం చేసుకోవచ్చు గానీ అని.

చాలా మంచి ప్రశ్న. నాకు తోచింది చెప్తాను, ఇది తల్ముద్ మాట కాదు, నాది. సింహాల సంగతి దానియేలు సొంత సంగతి. గుండం అతని స్నేహితుల సంగతి. తల్ముద్ అతని నోట పెట్టిన ప్రశ్న నన్ను ఎందుకు కాపాడలేదు అని కాదు, "ఆయన పిల్లలు బానిసలుగా ఉన్నారు" అని. నేను బయటపడ్డాను కాబట్టి దేవుడు పరాక్రమవంతుడు అని అతను అనుకోలేదు. 9వ అధ్యాయం ప్రార్థన ఇంటికి వెళ్ళి చదవండి, సింహాల ఊసే ఉండదు అందులో, గుండం ఊసు ఉండదు. మేము పాపం చేశాం, మేము మాట వినలేదు, మా రాజులు, మా తండ్రులు, పాడుపడిన నీ ఆలయం, నీ నగరం... మొదటి నుంచి చివరి దాకా మేమే.